"గ్లూటెన్ లేదండీ" అన్న జవాబు వెనక: చిన్న ఊరి హోటళ్లలో ఒక సీలియాక్ కేసు

ఆమె వయసు 36. లెక్కల తనిఖీ ఉద్యోగం. రెండు నెలలకోసారి ఒక చిన్న ఊళ్లో ఉన్న శాఖకు వెళ్లి ఆరు రోజులు ఉండి రావాలి. సీలియాక్ వ్యాధి, అంటే గోధుమలాంటి గింజల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ తగిలితే పేగు దెబ్బతినే జబ్బు, ఉందని తేలి నాలుగేళ్లయింది. ఆమెను నా దగ్గరికి పంపుతూ గ్యాస్ట్రో డాక్టరుగారు రాసిన చీటీలో రెండే ముక్కలున్నాయి. పథ్యం తప్పడం లేదంటున్నారు, టీటీజీ (ఈ జబ్బుకు చేసే రక్తపరీక్ష అంకె) మళ్లీ పెరిగింది, గ్లూటెన్ ఎక్కడినుంచి వస్తోందో చూడండి అని.

నేను డైటీషియన్‌ని. ఈ కేసు ఆమె అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను, ఊరి పేరు రాయడం లేదు. ఇంట్లో పథ్యం నూటికి నూరుపాళ్లు పాటించే మనిషికి బయట ఎక్కడ దెబ్బ తగులుతుందో ఈ కేసు నాకు నేర్పినంతగా మరేదీ నేర్పలేదు. సీలియాక్ ఉన్నవాళ్లకూ, వాళ్లను చూసే తోటి డైటీషియన్లకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఆమె ఎలా వచ్చింది

నాలుగేళ్ల కిందట ఆమెను ఆసుపత్రికి తెచ్చింది రక్తహీనత. ఏడాదిన్నర పాటు ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ 9 దాటలేదు. విరేచనాలు లేవు, బరువు పెద్దగా తగ్గలేదు. అందుకే పేగుల మీదికి ఎవరి అనుమానమూ పోలేదు. చివరికి ఒక డాక్టరు టీటీజీ ఐజీఏ రక్తపరీక్ష రాశారు. ఫలితం సాధారణ పరిమితికి పది రెట్లు పైన. ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి తీసిన ముక్కల్లో ఆంత్ర చూషకాలు, అంటే తిండిలోని సారాన్ని పీల్చుకునే సన్నని వేళ్లలాంటి మొలకలు, అరిగి చదునైపోయి ఉన్నాయి. తిన్న తిండిలోని ఇనుమును లోపలికి లాక్కోవలసిన చోటే పాడైపోతే మాత్రలు ఎన్ని మింగి ఏం లాభం?

సీలియాక్ అంటే గోధుమ పడకపోవడమేగా అనుకునేవాళ్లున్నారు. గోధుమ అలర్జీ వేరు, ఇది వేరు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ ప్రోటీన్లు తగలగానే శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ తన పేగు మీద తానే దాడి చేస్తుంది. ప్రపంచం మొత్తం మీద నూటికి దాదాపు ఒకరికి ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ లేని తిండి ఒక్కటే వైద్యం. గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న లంకెను మొదట పట్టుకున్నది విల్లెం డికే అనే డచ్చి పిల్లల వైద్యుడు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో నెదర్లాండ్స్‌లో రొట్టెకు కరువొచ్చినప్పుడు ఈ జబ్బున్న పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్లీ పడిపోవడం ఆయన గమనించాడు. 1950లో దాని మీదే తన సిద్ధాంత వ్యాసం రాశాడు. ఆ ఆకలి రోజుల నుంచి వచ్చిన ఎరుకే ఇవాళ మనం ఇచ్చే పథ్యానికంతటికీ పునాది.

ఆమె సంగతికొస్తే, ఇంట్లో వంటిల్లంతా మార్చేసింది. పిండి డబ్బాలు బయట పడేసింది. చెక్క గరిటెలు, జల్లెడ, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం అన్నీ కొత్తవి కొంది. ఏడాదిన్నరకు టీటీజీ మామూలుకొచ్చింది. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ 48కి చేరింది. తర్వాత ఉద్యోగంలో పై మెట్టు ఎక్కింది, ఈ ప్రయాణాలు మొదలయ్యాయి. ఏడాది గడిచేసరికి టీటీజీ పరిమితికి మూడు రెట్లు, ఫెరిటిన్ 11.

లక్షణాలు ఏమన్నా ఉన్నాయా అని అడిగితే, "పెద్దగా ఏం లేవు మేడమ్. ఊరెళ్లినప్పుడు కడుపు బరువుగా ఉంటుంది. వచ్చాక రెండు మూడు రోజులు లేవలేను. ప్రయాణం బడలికేమో అనుకున్నా" అంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. గ్లూటెన్ తగిలిన గంటా రెండు గంటల్లో వాంతులయ్యేవాళ్లున్నారు, వాళ్లకు ఏ హోటల్ వల్ల జరిగిందో వెంటనే తెలిసిపోతుంది. ఈమెలాంటివాళ్లకు ఒళ్లు అంత గట్టిగా చెప్పదు. పేగు మాత్రం లోపల అరుగుతూనే ఉంటుంది. లక్షణాలు లేవు కాబట్టి తిన్నది మంచిదే అన్న లెక్క వీళ్ల విషయంలో పనికిరాదు.

ఫోన్‌లో మాస్టర్

మొదట ఇల్లు చూశాం. అక్కడ ఒక్క చిల్లు దొరికింది. ప్రయాణంలో తినడానికని విడిగా అమ్మే ఓట్స్ కొని, వేయించి, డబ్బాలో పట్టుకెళ్తోంది. ఓట్స్‌లో సహజంగా గోధుమ గ్లూటెన్ ఉండదు. కానీ పొలంలో, మిల్లులో, గోనెసంచుల్లో గోధుమ, బార్లీలతో కలిసిపోతాయి. గ్లూటెన్ రహితమని పరీక్షించి అచ్చేసిన ప్యాకెట్టయితే తప్ప సీలియాక్ ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. అది ఆ రోజే మాన్పించాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

తర్వాత ప్రయాణాలు. ఆమె వృత్తి లెక్కల తనిఖీ అని చెప్పానుగా, హోటల్ బిల్లులన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి దాచింది. ఆరు ప్రయాణాల బిల్లులు. వరసపెట్టి చూస్తే ఎక్కువగా కనిపించినవి నాలుగే. కాల్చిన కోడి, బంగాళాదుంప ఫ్రైలు, కూరగాయల సూపు, ఆమ్లెట్. గోధుమ పేరున్న వంట ఒక్కటీ లేదు. ప్రతిసారీ అడిగేదట, "ఇందులో గ్లూటెన్ లేదు కదా?" అని. ప్రతిసారీ లేదండీ అనే చెప్పారట.

నాకెందుకో ఆ జవాబును ఆ చెప్పిన మనిషి నోటే వినాలనిపించింది. ఆమె మామూలుగా తినే హోటల్‌కు నా గదిలోంచే ఫోన్ చేయించాను. స్పీకర్ పెట్టాం. సర్వర్ ఎత్తాడు. గ్లూటెన్ గురించి అడగ్గానే "మా దగ్గర అస్సలుండదు మేడమ్" అన్నాడు, ఏమాత్రం ఆలోచించకుండా. వంట మాస్టర్‌కు ఇవ్వమంది.

"మాస్టర్, ఫ్రైలు ఏ నూనెలో వేయిస్తారండీ?"

"ఒకటే మూకుడమ్మా మాకు. పొద్దున పోస్తే రాత్రి దాకా అదే."

"అందులో ఇంకేం వేయిస్తారు?"

"చికెనూ, చేపా, ఉల్లిపాయ రింగులూ. పిండిలో ముంచి వేస్తాం."

"సూపు చిక్కగా ఉంటుంది కదా, ఏం కలుపుతారు?"

"రెండు చెంచాల మైదా నీళ్లలో కలిపి పోస్తాం. లేకపోతే నీళ్లలా ఉంటుంది, ఎవరూ తాగరు."

"మరి గ్లూటెన్ లేదన్నారే?"

"లేదమ్మా, ఒట్టు. రుచి కోసం వేసే ఆ తెల్ల ఉప్పేగా మీరనేది? అది మా యజమాని వంటింట్లోకే రానివ్వడు."

ఆమె ఫోన్ పెట్టేసి కాసేపు మాట్లాడలేదు. మోనోసోడియం గ్లూటమేట్‌నూ గ్లూటెన్‌నూ ఆయన ఒకటే అనుకున్నాడు. అబద్ధమాడలేదు. అడిగినదానికి తనకు తెలిసినంతలో నిజాయితీగా జవాబు చెప్పాడు. ఏడాది పాటు ఆమె సరైన మనిషిని అడగలేదు, అడిగిన మాట అవతలివాళ్లకు అర్థం కాలేదు. ఆమె తప్పు కాదిది. నాలుగేళ్ల కిందట ఆమె చేతికిచ్చిన పథ్యం కాగితంలో తినదగినవి ఒక వైపు, తినకూడనివి ఒక వైపు ఉన్నాయి. వంటింట్లో ఏది దేనికి తగులుతుందో ఒక్క ముక్క లేదు. హోటల్లో ఎవరిని, ఏమని అడగాలో లేదు. ఆ కాగితం తయారుచేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఎంత తగిలితే ఎంత చేటు

భయం మోతాదు మించితే మనిషి బయట తినడమే మానేస్తాడు, ఒంటరివాడైపోతాడు. మోతాదు తగ్గితే ఇదిగో, ఫెరిటిన్ 11. అందుకని ఆమెకు ముందు అంకెలు చెప్పాను.

మామూలు గోధుమ రొట్టె ముక్క ఒకదానిలో సుమారు రెండు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. 2007లో ఇటలీ పరిశోధకులు సీలియాక్ ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 10 మిల్లీగ్రాములు, 50 మిల్లీగ్రాములు చొప్పున గ్లూటెన్ గుళికలిచ్చి మూడు నెలలు చూశారు. రోజుకు 50 అందినవాళ్ల పేగు పొర దెబ్బతింది. అంటే రొట్టె ముక్కను నలభై వంతులు చేస్తే అందులో ఒక వంతు. రోజూ చేతివేలికి అంటిన రొట్టె పొడంత. ప్యాకెట్ల మీద గ్లూటెన్ రహితం అని రాయాలంటే అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం 2008 నుంచి పెట్టిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. ఆ హద్దులో ఉన్న తిండి రోజంతా కలిపి అరకిలో తిన్నా లోపలికి పోయేది 10 మిల్లీగ్రాములు దాటదు. ఆ హద్దు వెనకున్న ఆలోచన ఇదే.

ఇక నూనె. గ్లూటెన్ సూక్ష్మజీవి కాదు, వేడికి చావడానికి. అదొక ప్రోటీన్, మూకుట్లో సలసల కాగినా పోదు. 2021లో అమెరికాలో పది హోటళ్ల నుంచి ఇరవై ప్లేట్ల ఫ్రైలు తెచ్చి పరీక్షించారు. ఫ్రైల తయారీలో గోధుమ లేదు, కానీ వేయించిన నూనె గోధుమ పిండి పూతలున్న వాటితో కలిసినది. తొమ్మిది ప్లేట్లలో గ్లూటెన్ కనబడింది. ఇరవైలో అయిదు ప్లేట్లు 20 హద్దు దాటాయి. ఆమె ఆరు ప్రయాణాల బిల్లుల్లో ఫ్రైలు పద్నాలుగుసార్లున్నాయి.

అన్నీ ఇలా భయపెట్టేవే కావు. 2020లో అచ్చయిన మరో అధ్యయనంలో, గోధుమ రొట్టె కాల్చిన టోస్టర్‌లోనే గ్లూటెన్ లేని రొట్టె కాలిస్తే నమూనాలన్నీ 20 లోపే ఉన్నాయి. గోధుమ పాస్తా ఉడికిన నీళ్లలో గ్లూటెన్ లేని పాస్తా ఉడికిస్తే మాత్రం హద్దు దాటింది. నీళ్లు, నూనె, పిండి గాలిలో లేచే చోటు. నా అనుభవంలో హోటల్ వంటింట్లో ముందు చూడవలసినవి ఈ మూడూ. టోస్టర్‌లో కాల్చమని నేను చెప్పను, కానీ పక్కవాడి రొట్టె పొడి తన బల్ల మీద రాలిందని రాత్రంతా నిద్రపోని మనిషికి ఈ అంకెలు చెప్తే కాస్త ఊపిరాడుతుంది.

వెళ్లకముందే వంటిళ్లు చూడడం

మాట మార్చుకోవడంతో మొదలుపెట్టాం. గ్లూటెన్ అనే మాటను హోటల్లో నోటివెంట రానివ్వవద్దన్నాను. దాని బదులు ఏం చెప్పాలో ఇద్దరం కూర్చుని అట్టముక్క మీద రాశాం. "నాకు పేగు జబ్బు ఉంది. గోధుమ పిండి, మైదా, రవ్వ, బార్లీ, సోయా సాస్ కడుపులోకి పోకూడదు. చిటికెడు పడినా నా ఒంటికి చేటే. ఇవి తగిలిన నూనె, పెనం, గరిటె, చాకు వాడినా అంతే. విడిగా కడిగిన పెనంలో, కొత్త నూనెతో చేసిపెట్టగలరా? కుదరదంటే ఏమీ అనుకోను, చెప్పేయండి." ఆ చివరి వాక్యం ఆమె చేర్చింది. నాకు తట్టలేదు. కానీ అట్టముక్కలో అన్నిటికంటే బాగా పనిచేసింది అదే. కాదని చెప్పడానికి దారి ఇస్తే మొహమాటానికి సరే అనరు.

సోయా సాస్ పేరు విడిగా ఎందుకు రాశామంటే, మామూలుగా దొరికే సోయా సాస్ గోధుమతో కలిపి పులియబెట్టిందే. వంటవాళ్లకు అది పిండి వంటకంలా కనిపించదు, గుర్తు చేస్తే తప్ప చెప్పరు. సూపుల్లో వేసే రుచి బిళ్లలు, మాల్ట్ వెనిగర్, సాసేజీలు, ముందే పూత పూసి గడ్డకట్టించి అమ్మే ఫ్రైలు కూడా అలాంటివే. ఆమ్లెట్ పొంగుతుందని గుడ్ల సొనలో కాస్త పిండి కలిపే వంటిళ్లున్నాయి. ఇన్నీ కంఠతా పట్టడం కంటే, ఏ డబ్బాలోంచీ ప్యాకెట్‌లోంచీ ఏమీ వేయకుండా చేయగల వంట అడగడం తేలిక. ఉప్పు, మిరియాలు, నూనె, నిమ్మకాయ. వీటితో చేపా, కోడీ, గుడ్డూ, కూరగాయలూ ఏవైనా వండొచ్చు.

తర్వాత ఫోన్లు. ఆ ఊళ్లో భోజనం దొరికే చోట్లు వెతికితే తొమ్మిది తేలాయి. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య ఒక్కోదానికీ చేసింది. భోజనాల రద్దీ అయిపోయి, రాత్రి వంట మొదలవని ఆ గంటలో వంటవాళ్లు ఓపిగ్గా మాట్లాడతారు. పన్నెండున్నరకు చేస్తే ఎంత మంచివాడైనా "అన్నీ ఉన్నాయి, రండి" అంటాడు. ఎవరితో మాట్లాడినా మొదటి ప్రశ్న ఒకటే, "వంట చేసేది మీరేనా?"

ముగ్గురు కుదరదన్నారు. ఆ ముగ్గురి పట్ల నాకు చాలా గౌరవం. ఇద్దరు అన్నిటికీ అవునన్నారు, ఏ ప్రశ్నకూ ఆగి ఆలోచించలేదు. వాళ్లను కొట్టేశాం. ఆలోచించకుండా వచ్చే అవును నన్నెప్పుడూ కలవరపెడుతుంది. ఒకచోట అన్నీ వరసగా పెట్టి ఎవరికి వాళ్లు వడ్డించుకునే పద్ధతి. గరిటెలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోతూనే ఉంటాయి కాబట్టి అదీ పోయింది. పాత మాస్టర్ హోటల్ ఎలాగూ లేదు.

ఎనిమిదోది పిజ్జాలమ్మే చోటు. మొత్తం ఊళ్లో మెనూ మీద గ్లూటెన్ ఫ్రీ అని అచ్చేసి ఉన్నది అదొక్కటే. ఆమె ఎంతో ఆశపడింది. నేనే వద్దన్నాను. పిజ్జా అడుగు గ్లూటెన్ లేనిదే కావచ్చు, కానీ దాన్ని పెట్టేది మైదా చల్లిన బల్ల మీద, తోసేది అదే చెక్కతో, కాల్చేది అదే పొయ్యిలో. మెత్తటి పిండి గాలిలో గంటల తరబడి తేలుతుంది. అమెరికాలో జనం తమ దగ్గరున్న చేతి పరికరంతో హోటల్ తిండిని పరీక్షించుకున్న ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. గ్లూటెన్ ఫ్రీ అని అమ్మిన వాటిలో 32 శాతం నమూనాల్లో గ్లూటెన్ కనబడింది. పిజ్జాల్లో అయితే సగానికి పైనే. ఆ పరికరం హద్దుకు లోపలున్న కొద్దిపాటిని కూడా చూపిస్తుంది కాబట్టి అంకె కొంత ఎక్కువగానే వచ్చి ఉంటుంది. అయినా పిజ్జాలు, పాస్తాలు పైన నిలిచాయంటే అచ్చేసిన మాట కంటే వంటింటి తీరే ఎక్కువ చెప్తోందని నా నమ్మకం.

మిగిలింది తొమ్మిదోది. ఆరు బల్లలున్న చిన్న హోటల్, భార్యాభర్తలు నడుపుతారు. వంట ఆవిడే. ఫోన్‌లో ఆవిడ అడిగిన ప్రశ్నలు ఆమె నాకు చెప్తుంటే వింటూ ఎంత సంతోషమేసిందో. "పెనం తోమితే చాలా అమ్మా, కొత్తదే కావాలా? నేను పిండి కలిపిన చేత్తో ఉప్పు డబ్బాలో చెయ్యి పెడతాను, అది పర్లేదా?" ఉప్పు డబ్బా సంగతి నా కాగితాల్లో ఎక్కడా లేదు. చిన్న ఊళ్లో ఏమీ దొరకదని భయపడతాం గానీ, అడిగే మనిషికీ వండే మనిషికీ మధ్య ఎవరూ లేని వంటిల్లు ఇలాంటి చోటే దొరుకుతుంది. పెద్ద హోటల్లో చెప్పిన మాట సర్వర్ నుంచి కంప్యూటర్‌కు, అక్కడినుంచి చీటీకి, చీటీ నుంచి ముగ్గురు వంటవాళ్లకు పోయేసరికి సగం రాలిపోతుంది.

ఆరు రోజులు

గదిలో ఫ్రిజ్, నీళ్లు కాచుకునే కెటిల్ ఉన్న లాడ్జి చూసుకుంది. చిన్న రైస్ కుక్కర్, బియ్యం, గింజలు, పళ్లు, గ్లూటెన్ రహితమని పరీక్షించిన బిస్కెట్లు బ్యాగులో పెట్టుకుంది. ఎన్ని రోజులుంటే అన్ని రోజులకూ రోజుకో పూట చొప్పున గదిలోనే తినగలిగేంత సరుకు ఉండాలన్నది నేను పెట్టిన నియమం. ఆకలితో ఉన్న మనిషి కాదని లేచి రాలేడు. చేతిలో ఇంకో దారి ఉన్నప్పుడే వస్తాడు.

పొద్దున లాడ్జిలోనే పెంకుతో ఉడికించిన గుడ్లు, తొక్క తీయని పళ్లు. పెంకూ తొక్కా ఉన్నంతవరకు వంటింట్లో ఏం జరిగినా లోపలికి పోదు. ఒలిచేముందు పైన కడుక్కుని, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. శానిటైజర్ రాసుకుంటే గ్లూటెన్ పోదు, కడిగితేనే పోతుంది.

మొదటి రోజు మధ్యాహ్నం పన్నెండు కాకముందే, ఇంకెవరూ రాకముందే ఆ చిన్న హోటల్‌కు వెళ్లింది. తలుపులు తీసిన వెంటనే వెళ్తే బల్లలు శుభ్రంగా ఉంటాయి, నూనె కొత్తది, వండే మనిషికి తీరిక. ఆవిడ వంటింట్లోకి రమ్మని పిలిచి చూపించిందట. రొట్టెలు చేసే బల్ల ఒక గోడకు, పొయ్యి ఇంకో గోడకు. కూరగాయలు తరిగే చెక్కపలక గీతల్లో తెల్లగా పిండి ఇరుక్కుని కనబడింది. ఈమె అట్టముక్క తీయకుండా ఆ గీతల మీద వేలు పెట్టి చూపించింది. ఆవిడ చూసి, "అవును, ఇది కడిగినా పోదు" అని పలక పక్కన పెట్టేసి, స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద కూరగాయలు తరిగింది. చాకు సబ్బుతో కడిగింది. చిన్న పెనం తోమి, కొత్త ప్యాకెట్ కత్తిరించి అందులోంచి ఉప్పు తీసి, చేప ముక్క వేయించింది. వేడి అన్నం, ఉడికించిన కూరగాయలు, చేప, నిమ్మకాయ. ఈమె ఫోటో పంపింది. ఇంకేమీ రాయలేదు, ఫోటో ఒక్కటే.

మూడో రోజు వెళ్లేసరికి ఆవిడ లేదు, బంధువుల ఇంటికి వెళ్లింది. కుర్రాడొకడు పొయ్యి దగ్గరున్నాడు. "అమ్మ చెప్పి వెళ్లిందండీ, చిన్న పెనంలోనే చేస్తా" అన్నాడు. చిన్న పెనమే పెట్టాడు, కొత్త నూనే పోశాడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. అప్పుడే పక్క మూకుట్లోంచి పిండి పూసిన చికెన్ తీసిన పట్టకారుతోనే ఈమె చేపను తిరగేశాడు. ఒక్క క్షణం పని. వాడికి తెలియనే తెలియలేదు. ప్లేటు తెచ్చి ఎంతో ప్రేమగా ముందు పెట్టాడు.

ఆమె ఇంతకుముందైతే తినేసేదాన్ని అంది. కుర్రాడి మొహం చూసి, కాదనలేక. ఆ రోజు మాత్రం, "బాబూ, నీ తప్పేం లేదు. ఆ పట్టకారుకు పిండి ఉంది, నేను తినకూడదు. డబ్బులు తీసుకో, ఇది నువ్వు తిను" అని లేచి గదికొచ్చి అన్నం వండుకుంది. సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్తుంటే గొంతు వణికింది. ఆ ఆరు రోజుల్లో ఆమె చేసిన అతి కష్టమైన పని అదేనని నాకనిపిస్తుంది. పట్టకారు కడిగి ఇంకో ముక్క చేయమని అడగవచ్చుగా అంటారా? అడగవచ్చు. కానీ తిరగేసిన ముక్క మాత్రమే పక్కన పెట్టి, అదే నూనెలో, అదే పెనంలో రెండోది వేస్తాడన్న భయం ఆమెకుంది. గుమ్మం దగ్గర నిలబడి మొదటినుంచి చెప్పుకురావడానికి ఆ పూట ఓపిక లేదు. ఓపిక లేని పూట గదిలో తినమనే నేనూ చెప్తాను.

నాలుగో రోజు ఆవిడ తిరిగొచ్చింది. జరిగింది విని, పట్టకారు ఒకటి, చిన్న పెనం ఒకటి విడిగా తీసి, వాటి పిడులకు ఎర్రదారం చుట్టి, పొయ్యికి దూరంగా మేకుకు వేలాడదీసింది. ఇది ఈమె అడిగింది కాదు.

తర్వాత

ఆ ప్రయాణం నుంచి వచ్చాక కడుపు బరువు లేదు, మర్నాడే ఆఫీసుకు వెళ్లింది. దాన్ని నేను రుజువుగా తీసుకోను. ఒక్కసారి గ్లూటెన్ తగిలినంతలో టీటీజీ పెరగదు, ఒక్క ప్రయాణం బాగా జరిగినంతలో తగ్గదు కూడా. అందుకే మరో రెండు ప్రయాణాలు ఇదే పద్ధతిలో చేశాక, ఆరు నెలలకు పరీక్ష చేయించాం. టీటీజీ మూడు రెట్ల నుంచి పరిమితికి కాస్త పైకి దిగింది. ఫెరిటిన్ 34. అది కూడా ఐరన్ మాత్రల సాయంతోనే. డాక్టరుగారు ఎండోస్కోపీ ఇప్పుడే వద్దని, ఏడాది నిండాక టీటీజీ మళ్లీ చూసి నిర్ణయిస్తామన్నారు.

ఇందులో ఎంత భాగం హోటల్ మార్పు వల్ల, ఎంత ఓట్స్ మానడం వల్ల అన్నది విడదీయలేను. రెండూ ఒకే వారంలో జరిగాయి. కేసు చక్కగా రాయాలని ఓట్స్‌ను ఇంకో ఆరు నెలలు తిననిచ్చి చూడలేను కదా. నా అంచనా అడిగితే, బిల్లుల్లోని పద్నాలుగు ప్లేట్ల ఫ్రైలూ, మైదా సూపూ పెద్ద పాలు పంచుకున్నాయనే అంటాను. రోజూ మైదా సూపు తాగిన వారాల్లో ఆమెకు అందిన గ్లూటెన్, ఆ గుళికల అధ్యయనంలోని 50 మిల్లీగ్రాములకు ఎన్నో రెట్లు ఉండి ఉంటుంది.

గ్లూటెన్‌ను కరిగిస్తాయని అమ్మే ఎంజైము మాత్రల గురించి ఆమె రెండుసార్లు అడిగింది. ముందు మాత్ర వేసుకుని హోటల్లో ఏదైనా తినవచ్చా అని. వద్దన్నాను. సీలియాక్ ఉన్నవాళ్లు పథ్యం బదులు నమ్ముకోదగిన మాత్ర ఇప్పటివరకు ఏదీ లేదు.

మా కాగితం మార్చాం. వెనక వైపు ఖాళీగా ఉండేది, ఇప్పుడు అక్కడ ఆమె అట్టముక్కలోని మాటలు ఆమె అనుమతితో అచ్చేశాం, కుదరదంటే చెప్పేయండి అన్న వాక్యంతో సహా. ఫోన్ చేయాల్సిన వేళ, మొదటి ప్రశ్న కూడా ఉన్నాయి. ఉప్పు డబ్బా కూడా.

కుదరనిది ఒకటి మిగిలిపోయింది. ప్రతి ప్రయాణంలోనూ చివరి రాత్రి శాఖవాళ్లంతా కలిసి ఆ పిజ్జా చోటుకే వెళ్తారు. మానేయమని నేను చెప్పలేదు, చెప్పను. ఆమె ముందే చిన్న హోటల్లో తినేసి వెళ్తుంది. అక్కడ మూతతో ఇచ్చే నీళ్ల సీసా తీసుకుని కూర్చుంటుంది. మొన్నటిసారి ఎవరో ఆమె ముందు ఖాళీ బల్ల చూసి బాధపడి, తమ ప్లేటులోంచి ఒక ముక్క తీసి ఆమె ముందు పెట్టారట. అప్పుడేం చెప్పాలో ఈసారి కూర్చుని రాద్దాం మేడమ్ అంది. వచ్చే బుధవారం వస్తోంది.